నొప్పి లేని పుండు

మన బైరకూరు హోబళి పల్లెలలో నోట పుండు లేచినవారిని పలుకరించిన వచ్చు మొదటి మాట "వేడి చేసినది". రెండవ మాట "నొప్పి లేదు గదా!" మొదటి మాటతో మజ్జిగయు సబ్జా గింజలును సేవించుచు నాలుగు దినములు గడచును, అంతవరకు నష్టము లేదు. ప్రాణము తీయునది రెండవ మాట. మామూలు నోటిపూత మొదటి దినముననే మండి, వారము పది దినములలో తానే మానును. క్యాన్సరు పుండు ఆరంభమున పెక్కుమందికి నొప్పి నీయదు. చెవి వైపు పోటు వచ్చి, మెడలో గడ్డ తేలునాటికి వ్యాధి చాల దూరము పోయి యుండును.

ఇది మన జిల్లాకు పరాయి విషయము కాదు. కోలారు చెంత టమకలోని దేవరాజ అరసు వైద్య కళాశాల వైద్యులు, నోటి క్యాన్సరు ఈ ప్రాంతమున అధికమనియు, స్త్రీలలో బుగ్గ లోపలి పొరకు వచ్చునది మెండనియు వ్రాసి యున్నారు. కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. ఆకు, వక్క, సున్నములతో పొగాకు చేర్చి దవడన పెట్టుకొని, కొందరు ఆ ఉండతోనే నిద్రించెదరు. ఉండ నిలుచు చోటనే పుండు లేచును. పెండ్లి తాంబూలమును నేను నిందించుట లేదు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1985లో పొగాకు కలిపిన తాంబూలమును, 2004లో పొగాకు లేని తాంబూలమును, వట్టి వక్కను సైతము క్యాన్సరు కారకములలో చేర్చినది.

రెండు వారములు దాటినను మానని పుండు, గీకినను పోని తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వ్రేళ్లు నిలువుగా పట్టనంతగా నోరు బిగియుట, కారము సోకిన భరింపరాని మంట, కారణము లేక పన్ను కదలుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను వైద్యునికి చూపవలయును. ప్రతి మచ్చయు క్యాన్సరు కాదు. తేల్చువాడు వైద్యుడు, మనము కాము. పరీక్షకై చిన్న ముక్క తీసిన రోగము ప్రాకునని భయపడువారు పలువురు. ఆ భయమునకు ఆధారము లేదు. ముక్క తీయనిదే రోగము పేరు తెలియదు.

స్త్రీల విషయమున ఇంకొక మాట. రొమ్ములో నొప్పి లేని గడ్డ, ముట్లుడిగిన పిదప రక్తము కనబడుట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, ఇవియు అట్టి గుర్తులే. ఈ జిల్లా ఆసుపత్రులలో తెలుగు తెలిసినవారికి కొదువ లేదు గనుక భాష అడ్డమనుట సాకు. అడ్డము సిగ్గు. కొడుకు ఎదుట తల్లి ఈ మాట చెప్పజాలదు. కూతురినో కోడలినో వెంట పంపుడు.

కేరళలోని తిరువనంతపురము జిల్లాలో 1996 నుండి, వైద్యులు కాని కార్యకర్తలు కొంత శిక్షణ పొంది నోళ్లు పరీక్షించిరి. 2005లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ఫలితము ప్రకారము, పొగాకు లేక మద్యము అలవాటు గలవారిలో నోటి క్యాన్సరు మరణములు, పరీక్ష జరుగని ప్రాంతములకంటె సుమారు మూడవ వంతు తగ్గెను. వర్తకుడను గనుక లెక్క చెప్పెదను: ఇంత లాభమునకు పెట్టుబడి కొలది శిక్షణ, ఒక టార్చిలైటు, మనిషికి కొన్ని నిమిషములు.

ముప్పది యేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించుట ప్రభుత్వ ఆరోగ్య కేంద్రముల పనిలో చేరియే యున్నది. మన పల్లెలలో అడుగువారే తక్కువ. పెద్ద చికిత్సకు బెంగుళూరున 1973లో వెలసిన కిద్వాయి స్మారక క్యాన్సరు సంస్థ యున్నది.

మన సంఘము తదుపరి కూటమిలో ప్రసంగముల కాలము కొంత తగ్గించి, శిక్షణ గల ఆరోగ్య కార్యకర్తను పిలిచి అందరి నోళ్లు చూపింపవలెనని నా ప్రతిపాదన. కార్యవర్గ సభ్యుల యిండ్లలోని అవ్వలు, తాతలు ముందు వరుసలో కూర్చుండవలయును. వక్కాకు నమలు సభ్యులు వారికంటె ముందు.