'ఫస్ట్‌నేమ్' అంటే ఏ పేరు?

జేసన్ స్కీమాలో 'ఫస్ట్‌నేమ్' అనే ఫీల్డ్ ఇక మానేద్దాం. మా పెద్దతిప్పసముద్రం వైపు ముందు ఇంటిపేరు, తర్వాతే సొంత పేరు రాస్తారు. మరి ఫస్ట్ ఏది? ఒక యాప్‌లో ఇంటిపేరు, ఇంకో యాప్‌లో సొంత పేరు పడుతుంది. రెండూ స్ట్రింగులే కాబట్టి వాలిడేటర్ కిక్కురుమనదు. కేవైసీలో పేర్లు కలవక ఇబ్బంది పడేది మాత్రం యూజర్.

స్కీమా.ఆర్గ్‌లో ఉన్నవి 'గివెన్‌నేమ్', 'ఫ్యామిలీనేమ్'. ఏది ముందో కాదు, ఏది ఏంటో చెప్తాయి. విడదీసే పనే లేకపోతే 'ఫుల్‌నేమ్' ఒక్కటే చాలు.

'డిస్ట్రిక్ట్' సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4న మా మండలం చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఫీల్డ్ అడిగేది పుట్టినప్పటి జిల్లానా, ఇప్పటి జిల్లానా? పేరులోనే తేల్చండి. కామెంట్ రాస్తాంలే అంటారా? జేసన్‌లో కామెంట్లకి చోటే లేదు.