స్వాగతానికి మా బట్టలు, ఉద్యోగానికి మీ బట్టలా?

ములుగులోనో, భూపాలపల్లిలోనో, తొర్రూరులోనో బస్సెక్కిన మన పిల్లలకు హైదరాబాదు అంటే మొదట ఉప్పల్ చౌరస్తా. చార్మినార్ సంగతి తర్వాత. అక్కడ దిగి సంచి భుజాన వేసుకుని నాచారం వైపో, హబ్సిగూడ వైపో ఆటో ఎక్కుతారు. కొందరికి పారిశ్రామికవాడలో పని, కొందరికి ఉప్పల్ ఐటీ ఆఫీసుల్లో ఇంటర్వ్యూ. వీళ్లకు పట్నం నేర్పే మొదటి పాఠం పని గురించి కాదు, బట్టల గురించి. "ఇట్లా వస్తే ఎట్లా?" అనే ఒక్క మాటతో ఆ పాఠం మొదలవుతుంది.

శిక్షణ కేంద్రాల్లో దీనికి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అని పేరు. లేత రంగు చొక్కా, ముదురు రంగు ప్యాంటు, బెల్టు, నల్ల బూట్లు. ఆడపిల్లలైతే కుర్తా, బిగించి కట్టిన జుట్టు, చప్పుడు చేయని గాజులు. ఇంతవరకు మాకు పేచీ లేదు. పేచీ అంతా దాని వెనక వచ్చే మాటతోనే. "మీ ఊళ్లో వేసుకునేవి ఇక్కడ నడవవు, ముందు మనుషుల్లా తయారవండి" అంటారు. చెవిపోగు తీసేయమంటారు. ముంజేతి మీది పచ్చబొట్టు పొడుగు చేతుల చొక్కాలో దాచుకోమంటారు. అంటే అంతకుముందు మనం ఏమిటి?

ప్యాంటూ చొక్కా తప్పని మేం అనడం లేదు. సందర్భానికి తగ్గట్టు బట్ట కట్టుకోవడం తామే కనిపెట్టినట్టు, అది మనకు కొత్తగా నేర్పుతున్నట్టు మాట్లాడేవాళ్లతోనే మా తగాదా. ఈ ఆఫీసులు లేవకముందే, ఉప్పల్ ఇంకా పొలాలుగా ఉన్నప్పుడే మన గూడేలకు, తండాలకు ఆ సంగతి తెలుసు.

కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశం వాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా గోదావరిలో హస్తినమడుగు దాకా నడిచి గంగాజలం తెస్తారు. ఆ వంశానికి వచ్చిన కొత్త కోడలు తెల్లచీరతోనే నాగోబా ముందుకు భేటింగ్‌కు వస్తుంది. గుస్సాడీ నియమం ఇంకా గట్టిది. దీపావళి రోజుల్లో, దండారిలో, నెమలి ఈకల టోపీ తలకెత్తుకున్నవాడు ఆ రోజులకు మామూలు మనిషి కాడు. ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర, దీక్ష ముగిసేదాకా స్నానం లేదు. ఆ టోపీని మనం పూజిస్తాం, గోడ మేకుకు తగిలించే వస్తువులా చూడం. కోయల పెర్మకోకు కొమ్ములు పెళ్లికి, పండుగకు తలకెక్కుతాయి గాని సంతకు పోయేటప్పుడు ఎక్కవు. లంబాడీ తల్లి జుట్టుకు వేలాడే ఘుగ్రీ, టోప్లీ చూసి ఆమె పెళ్లయిన మనిషని తండాలో చిన్నపిల్ల కూడా చెబుతుంది. భర్త పోతే అవి తీసేస్తారు. అట్లా తీయించడం న్యాయమా కాదా అన్నది వేరే తగాదా, దాన్ని మన ఆడవాళ్లే తేల్చాలి. ఇక్కడ చెప్పేదొక్కటే. ఇంత వివరమైన డ్రెస్ కోడ్ ఏ కంపెనీ హెచ్‌ఆర్ పుస్తకంలో ఉంది?

మరి పట్నానికి మన బట్టలు బొత్తిగా వద్దా అంటే, అదీ కాదు. బాగానే కావాలి. మంత్రి వస్తున్నాడంటే దారికి రెండు పక్కలా గుస్సాడీలు కావాలి. ఆగస్టు 9న వేదిక ముందు కొమ్ముకోయ నాట్యం కావాలి. అతిథికి బొట్టు పెట్టడానికి ఫేటియా, కాంచళీ వేసుకున్న ఆడపిల్లలు పళ్లెం పట్టుకుని ఎండలో నిలబడాలి. మార్లవాయి కనకరాజుకు 2021లో గుస్సాడీ నాట్యానికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా ఎగిరి గంతేశాం. ఆ గౌరవం నిజమే. కానీ గౌరవం వేరు, వాడకం వేరు. అదే నెమలి ఈకలను ప్రారంభోత్సవపు రిబ్బన్ పక్కన అలంకారంగా నిలబెట్టినవాళ్లు, ఆ నాట్యం చేసిన కుర్రాడు మర్నాడు ఉద్యోగానికి వస్తే "ప్రెజెంటబుల్‌గా లేడు" అని రాస్తారు.

ఉప్పల్‌లో ఒక ఆఫీసు ఉంది. పేరు ఎందుకు, అట్లాంటివి చాలా ఉన్నాయి. మన తండా పిల్ల ఒకామె అందులో చేరింది. బిడ్డ పనిచేసే చోటు చూద్దామని తల్లి ఫేటియాతో, చేతినిండా గాజులతో వస్తే గేటు దగ్గరి సెక్యూరిటీ అతను "పనివాళ్లు వెళ్లేది అటు" అని వెనక దారి చూపించాడు. అదే ఆఫీసులో పండుగకు ఎథ్నిక్ డే పెట్టారు. ఆ రోజు కొందరు లంబాడీ బట్టలు అద్దెకు తెచ్చుకుని, అద్దాలు మెరిసేట్టు ఫొటోలు దిగి, బహుమతి కూడా తీసుకున్నారు. వాళ్లు ఏ గేటు నుంచి వచ్చారో మేం చెప్పనక్కర్లేదు. మన అద్దాల కుట్టుపని ఖరీదైన హ్యాండ్‌బ్యాగు మీద ఉంటే ఫ్యాషన్, మన అమ్మ రవిక మీద ఉంటే వెనక దారి.

ఇది మనకొక్కరికే జరిగేది కాదు. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌కు అతిథిగా వెళ్లిన ఒక ఖాసీ మహిళను, ఆమె కట్టుకున్న జైన్‌సెమ్ పనిమనిషి బట్టల్లా ఉందని భోజనాల బల్ల దగ్గరి నుంచి లేపి పంపారు. జైన్‌సెమ్ మేఘాలయ ఆడవాళ్లు గౌరవంగా కట్టుకునే బట్ట. అంతకు మూడేళ్ల ముందు, 2014 జూలైలో, పంచె కట్టుకున్నందుకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని చెన్నైలో ఒక క్రికెట్ క్లబ్బు లోపలికి రానీయలేదు. మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టం చేసింది. పంచె గాని, మరో భారతీయ సంప్రదాయ దుస్తులు గాని కట్టుకున్నారని క్లబ్బులు ఎవరినీ ఆపకూడదు, ఆపితే లైసెన్సు పోతుంది. న్యాయమూర్తికి అవమానం జరిగితే నెలలో చట్టం వచ్చింది. ఖాసీ మహిళకు జరిగినది నాలుగు రోజుల వార్త అయింది. మన తండా తల్లికి జరిగినది వార్త కూడా కాలేదు.

మరి మన పిల్లలు ఏం వేసుకోవాలి? ఎవరైనా ఫలానా బట్ట వేసుకోమంటే ముందు కారణం అడగాలని మేం అంటాం. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో తిరిగే యంత్రం పక్కన నిలబడాలంటే చున్నీ, వేలాడే గొలుసు, వదులు కొంగు ఉండకూడదు. బెల్టులో కొంగు చిక్కితే చెయ్యి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. అక్కడ సూపర్‌వైజర్ "అవి తీసెయ్యి" అంటే అవమానం అనుకోవద్దు. పైగా మనమే అడగాల్సింది ఉంది. నడుస్తున్న యంత్రాన్ని పరీక్షించేవాడికి, నూనె పెట్టేవాడికి ఒంటికి అతుక్కుని ఉండే బట్టలు ఉండాలనీ, అవి యజమానే ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లోనే రాశారు. బూట్లు నువ్వే కొనుక్కో, చేతి తొడుగులు నువ్వే తెచ్చుకో అనే కాంట్రాక్టరుకు బట్టల గురించి పాఠం చెప్పే నోరు లేదు. తినుబండారాల యూనిట్‌లో తలకు టోపీ, మందుల కంపెనీలో ఏప్రన్, సీసీఎంబీ లాంటి ప్రయోగశాలలో కోటు, ఇవన్నీ కారణం ఉన్న నియమాలు. మారు మాట్లాడకుండా పాటిద్దాం.

రాత్రంతా ఫోన్‌లో మాట్లాడే ఉద్యోగం, అవతలి మనిషికి మన ముఖం కనబడదు, అయినా మే నెలలో మెడకు టై కట్టుకోవాలంటే దాని కారణం ఏమిటి? "కంపెనీ ఇమేజ్" అంటారు. సరే, జీతం వాళ్లది, కట్టుకుందాం. కానీ అది జీతం కోసం తొడిగే యూనిఫాం అని మనకు తెలిసి ఉండాలి. ఇంటికొచ్చి విప్పి మేకుకు తగిలిస్తే దానితో పాటు మన విలువ కూడా మేకుకు వేలాడదు. పచ్చబొట్టు దాచమనడానికి, చెవిపోగు తీయమనడానికి మాత్రం యంత్రమూ కారణం కాదు, శుభ్రతా కారణం కాదు. అట్లాంటిచోట ఎందుకని మర్యాదగా, గట్టిగా అడగండి.

ఇప్పుడు మనవాళ్ల వంతు. ప్యాంటు వేసుకుంటే ఆదివాసీతనం పోయిందని సభల్లో గర్జించేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా సూటూ టైతో తిరిగిన మనిషే. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో నిలబడి, నేను జంగ్లీనే, ఆ పేరు నాకు గర్వమే అనే అర్థం వచ్చేట్టు మాట్లాడిందీ ఆయనే. అంబేడ్కర్ సూటు ఎందుకు తొడిగాడో దళితులకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అసలు ఈ గర్జనలు ఎక్కువగా ఆడవాళ్ల మీదే. అంత బరువు ఫేటియా కట్టుకుని రోజూ ఉప్పల్ స్టేషన్లో మెట్రో ఎక్కి పోయి రమ్మని చెప్పే మగవాళ్లు, తమ ధోవతీ, తలపాగా ఏ సంవత్సరంలో వదిలేశారో ముందు చెప్పాలి. ఫేటియా కట్టాలా వద్దా, ఎప్పుడు కట్టాలి అన్నది కట్టుకునే మనిషి ఇష్టం.

ఇక డబ్బు సంగతి. నాచారంలో నలుగురు ఉండే గదిలో ఒక్క జత మంచి బూట్లు ఉంటాయి. ఇంటర్వ్యూ ఎవరికి ఉంటే వాళ్లవి ఆ రోజు. సైజు పెద్దదైతే ముందు భాగంలో కాగితం కుక్కుతారు. ఇది చూసి నవ్వేవాళ్లకు ఒక జత కొనిచ్చే మనసు ఉండదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు కోటు అక్కర్లేదు, అప్పు చేసి కొనొద్దు. ఉతికిన చొక్కా ఒకటి, ఇస్త్రీ చేసిన ప్యాంటు ఒకటి, తుడిచిన బూట్లు చాలు. ఆడపిల్లలు నడవడానికి, మెట్లెక్కడానికి వీలైనది ఏదైనా వేసుకోండి. కొత్త బట్టలైతే ముందు రోజు ఒకసారి తొడిగి చూడండి. ఇంటర్వ్యూలో కాలర్ సర్దుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు.

ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు మా విన్నపం పెద్దదేమీ కాదు. చివరి తరగతుల పిల్లలకు ఒక అద్దం, ఒక ఇస్త్రీపెట్టె అందుబాటులో పెట్టండి. టై కట్టడం, చొక్కా మడతపెట్టడం మీరే నేర్పండి, నవ్వకుండా. పట్నంలో ఎవరో అవమానించి నేర్పేకంటే అది మేలు. ఉప్పల్, నాచారం ప్రైవేటు బడుల్లో పనిచేసే మన టీచర్లకు ఇంకో మాట. ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో ముఖానికి మసి పూసి, నడుముకు ఆకులు చుట్టి, చేతికి బల్లెం ఇచ్చి "ట్రైబల్" అని పిల్లల్ని వేదికెక్కిస్తారు కదా, ఈసారి దాన్ని ఆపించండి. ఆ హాల్లో వెనక వరసలో మన పిల్లలు కూడా కూర్చుని చూస్తుంటారు.

దసరా పోయాక ఎవరైనా అధికారి ఫోన్ చేసి, ఫలానా సారు వస్తున్నారు, స్వాగతానికి గుస్సాడీలను పంపమంటే, దండారి ఎప్పుడో తేదీలు చెప్పి సారునే గూడేనికి రమ్మనండి. చెప్పులు బయట విడిచి రావాలని కూడా చెప్పండి.