అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు

"అమ్మా, మీ అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి?" అని మా అమ్మాయి అడిగితే నోట మాట రాలేదు. తాతగారి వైపు నాలుగు తరాల పేర్లు చెప్పగలను. ఆవిడ ఇంటిపేరు మాత్రం తెలియదు!

అమ్మ ఇచ్చిన ట్రంకుపెట్టె దించి వెతికితే పసుపు మరకలతో లగ్నపత్రిక దొరికింది. నందన నామ సంవత్సరం అని ఉంది. అవి అరవై ఏళ్ళకోసారి వస్తాయిగా, 1892 కాదు, 2012 కాదు, కాబట్టి 1952-53. అందులో అమ్మమ్మ తండ్రిగారి పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ ఉన్నాయి.

మా శాలిబండలో పక్కింటి ఆపాకి ఈ బెంగ తక్కువ. నిఖానామాలో వధువు పేరు, తండ్రి పేరు, మెహర్, సాక్షుల సంతకాలు ఖాజీగారు రాస్తారు. సర్టిఫికెట్ కావాలంటే నాంపల్లి హజ్ హౌస్‌లో వక్ఫ్ బోర్డు ఖజాత్ విభాగం ఉంది.

మనకు 1955 హిందూ వివాహ చట్టంలో రిజిస్ట్రేషన్ ఉన్నా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని పెళ్ళిళ్ళకూ తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది. అంతకు ముందు చాలా పెళ్ళిళ్ళకి శుభలేఖే ఆధారం. దాన్నేమో పండగకి ఇల్లు దులిపి పాత పేపర్లతో అమ్మేస్తాం.

ఆడదాని రెండు ఇంటిపేర్లూ కలిసి కనిపించేది పెళ్ళి కాగితంలోనే. అది పోతే ఆమె పుట్టిల్లే చెరిగిపోతుంది. అందుకే అది నగలతో పాటు బీరువాలో ఉండాలంటాను. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఇవాళే అడిగి రాసుకోండి. మా అమ్మమ్మని అడిగే అవకాశం నాకిక లేదు.