హిమ్మత్ ఒక్కటే చాలదు

"అబ్బూ, కాలు పోయినా యుద్ధవిమానం నడిపాడట!" మొన్న మా అబ్బాయి ఒక వీడియో చూసి మురిసిపోయాడు. అతని పేరు హాన్స్ ఉల్రిచ్ రూడెల్. హిట్లర్ సైన్యంలో పైలట్.

లెక్కలు నిజంగానే హైరత్ కలిగిస్తాయి. 2,530 సార్లు దాడులకు ఎగిరాడు. 519 ట్యాంకులు పేల్చాడని అతని ఖాతాలో రాశారు. 1941లో క్రోన్‌స్టాట్ రేవులో సోవియట్ యుద్ధనౌక 'మరాట్'ని ముంచిన దాడిలో అతనూ ఉన్నాడు. 1945 ఫిబ్రవరిలో కాలు తెగింది, కొన్ని వారాలకే మళ్ళీ విమానం ఎక్కాడు.

హిమ్మత్ లేదని ఎవరనగలరు? కానీ ఆ హిమ్మత్ ఎవరి ఖిద్మత్‌లో ఖర్చయింది? లక్షలాది యూదులను ఖత్ల్ చేసిన జాలిమ్ హుకూమత్ ఖిద్మత్‌లో.

సిపాయి మజ్బూరీ అందామా? యుద్ధం తర్వాత తౌబాకి 37 ఏళ్ళు దొరికాయి. అతను అర్జెంటీనా వెళ్ళి, పారిపోయొచ్చిన నాజీలకు మదద్ చేశాడు. 1953లో జర్మనీలో తీవ్ర మితవాద పార్టీ తరఫున ఎన్నికల్లో నిలబడ్డాడు. 1982లో చనిపోయేదాకా పశ్చాత్తాపపడలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఫలస్తీన్ మీద దుఃఖంతో మన మెహఫిళ్ళలో కొందరు హిట్లర్‌నే తారీఫ్ చేయడం విన్నాను. ఆ దుఃఖం సహీ. ఆ తారీఫ్ గలత్. ఒక మజ్లూమ్ కోసం ఏడుస్తూ ఇంకో మజ్లూమ్‌ని చంపినవాణ్ణి మెచ్చుకుంటే మన ఇన్సాఫ్ ఎక్కడుంది?

మా అబ్బాయికి ఒక్కటే చెప్పాను: బేటా, బహాదురీ చూసినప్పుడల్లా "ఎవరి కోసం?" అని అడుగు. ఆ తర్వాతే చప్పట్లు.