బెంగను మాయం చేసిన తోట

అర్ధరాత్రి. బయట హోరుమని గాలి, వాన. వంద గదుల పాత బంగళా. అందులో ఎక్కడో ఓ పిల్లాడి ఏడుపు!

పదేళ్ల మేరీ కొవ్వొత్తి పట్టుకుని ఆ ఏడుపు వినిపించిన వైపు నడిచింది. ఓ గది తలుపు తోసింది. పెద్ద మంచం మీద పాలిపోయిన ముఖంతో ఓ అబ్బాయి! ఈమె దెయ్యమేమోనని అతడు జడుసుకున్నాడు. అతడి గురించి ఆమెకూ అదే అనుమానం!

'ది సీక్రెట్ గార్డెన్' నవలలో ఓ సన్నివేశమిది. ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన ఈ పుస్తకం 1911లో వచ్చింది. వందేళ్లు దాటినా పిల్లలు చదువుతూనే ఉన్నారు. కారణం... ఇది తోట కథే కాదు, బెంగ కథ కూడా.

మేరీ పుట్టింది మనదేశంలోనే. ఆయా చేతుల్లో పెరిగింది. కలరా సోకి తల్లిదండ్రులు చనిపోవడంతో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో మేనత్త భర్త ఇంటికి చేరింది. మేనత్త అప్పటికే లేదు. తోటలో ఆమె కూర్చునే చెట్టుకొమ్మ విరిగిపడి పదేళ్ల కిందటే ప్రాణం పోయింది. ఆ దుఃఖంలో భర్త తోటకు తాళం వేసి, తాళంచెవిని మట్టిలో పాతిపెట్టాడు. కొడుకు ముఖం చూసినా భార్యే గుర్తొస్తుందని ఊళ్లు పట్టుకు తిరుగుతున్నాడు.

ఆ కొడుకే కోలిన్. తనకూ నాన్నలా గూని వస్తుందనీ, పెద్దవాడు కాకుండానే చనిపోతాననీ అతడి భయం. మంచం దిగడు. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా కేకలు!

ఇంతకీ ఈ భయం ఎవరు పెట్టారు? ఎవరూ కావాలని పెట్టలేదు. నౌకర్లు గుసగుసలాడుకున్నారు. వైద్యుడు తల పంకించాడు. పిల్లాడు నిద్రపోయాడనుకుని పెద్దవాళ్లు ఏదో అనుకున్నారు. అన్నీ కోలిన్ చెవిన పడ్డాయి. 'వాడికేం తెలుస్తుందిలే' అనుకున్నారంతా. వాడికి అన్నీ తెలుస్తున్నాయి... తప్పుగా!

ఓ రాత్రి ఆ బెంగ బద్దలైంది. వీపు మీద గడ్డ తగిలిందని, ఇక గూని ఖాయమని కోలిన్ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. దగ్గరికెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. మేరీ మాత్రం విసురుగా వెళ్లి, వాడికంటే గట్టిగా అరిచింది. వీపు చూపించమంది. ఒక్కో ఎముకా పరీక్షగా చూసింది. గడ్డ కాదు కదా, గుండుసూది మొనంత కూడా ఏమీ లేదని తేల్చేసింది. చేతికి తగిలింది వెన్నెముకేనట!

కథలో అసలైన మాట ఆ తర్వాత నర్సు అంటుంది. వీడికి గడ్డ భయం ఉందని తనకు తెలియనే తెలియదట. తెలిసుంటే అలాంటిదేమీ లేదని తనే చెప్పేదట! పక్కనే ఉండి సేవలు చేసే మనిషికి పిల్లాడి మనసులో ఏముందో తెలియదు. వాడు చెప్పలేదు... ఆమె అడగలేదు. మేరీ చేసిందల్లా అడిగి, చూసి, నిజం చెప్పడమే. తర్వాత వాడి పక్కన కూర్చుని, రహస్య తోట లోపల ఎలా ఉంటుందో మెల్లగా వర్ణించింది. కోలిన్ నిద్రపోయాడు.

మరి మంత్రం ఏది? రాబిన్ పిట్ట చూపిన తాళంచెవితో మేరీ అప్పటికే తోట తలుపు తెరిచింది. పల్లె కుర్రాడు డికన్‌తో కలిసి అక్కడికి కోలిన్‌ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లింది. గోడ మీంచి తొంగిచూసిన ముసలి తోటమాలి, నీ కాళ్లు వంకరట కదా అనేసరికి కోలిన్‌కు రోషమొచ్చింది. లేచి నిలబడ్డాడు! ఆ రోజు నుంచీ మట్టి తవ్వడం, కలుపు తీయడం, నడవడం. తనను లేపిన శక్తికి వాడు పెట్టుకున్న పేరే 'మ్యాజిక్'. మంత్రదండం ఉండదు. పిల్లలంతా చెట్టుకింద గుండ్రంగా కూర్చుని దాన్ని తలచుకుంటారు. ఆకలి తెగ పెరిగిపోతుంది. గుట్టు బయటపడకూడదని ఇంట్లో మాత్రం భోజనం వద్దంటూ నటిస్తారు. ఆ పాట్లు చదువుతుంటే నవ్వాగదు!

బర్నెట్‌కు పిల్లల జబ్బు, చావు పుస్తకాల్లో చదివిన సంగతులు కావు. పెద్దకొడుకు లయొనెల్ 1890లో క్షయతో కన్నుమూశాడు. అప్పటికి అతడికి పదహారేళ్లే. తర్వాత ఆమె ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఉన్న ఓ బంగళాలో ఏళ్ల తరబడి ఉన్నారు. అక్కడి గోడల మధ్య తోటలో ఆమెకు చేరువైన రాబిన్ పిట్టే నవలలోకి వచ్చి వాలింది. సొంత కొడుకును మంచం మీంచి లేపలేకపోయిన తల్లి, కోలిన్‌ను మాత్రం పరుగెత్తించింది. చివర్లో వాడు పరుగున వచ్చి తగిలేది ఎవరికో తెలుసా? ఇన్నాళ్లూ ముఖం చాటేసిన నాన్నకే!

పిల్లలకు ఇచ్చేముందు పెద్దలు రెండు విషయాలు గమనించాలి. భారతీయుల గురించి ఇందులో చులకన మాటలున్నాయి. అది తెల్లదొరల కాలం నాటి చూపు. అలాగే, కోలిన్‌ది భయమే తప్ప జబ్బు కాదు. మనసు గట్టిచేసుకుంటే ఏ రోగమైనా పోతుందని పిల్లలు అనుకోకూడదు. బెంగతో తిండీ నిద్రా మానేసి, బడికి వెళ్లనంటున్న పిల్లలకు పుస్తకం ఒక్కటే చాలదు, నిపుణులకూ చూపించాలి.

అంతకంటే ముందు చేయాల్సింది ఒకటుంది. ఈ రాత్రి దీపం ఆర్పేముందు పిల్లల పక్కన కాసేపు కూర్చోండి. 'దేనికి భయమేస్తోంది?' అని అడగండి. చెప్పింది నవ్వకుండా వినండి. తోట తాళంచెవి అక్కడే దొరకొచ్చు!