అటక మీది పొడుగు తుపాకి

ఇల్లు ఖాళీ చేయునప్పుడు గాని మన యిండ్లలో నేమేమి యున్నవో మనకు తెలియదు. అశోక్‌నగరమున మా కాప్తురాలైన యొక యిల్లాలు, తమ పాతయింటిని పడగొట్టి అంతస్తులు కట్టించుటకు ఒప్పందము చేసికొని, సామాను సర్దించుచు మొన్నటి మాసమున మాకు కబురు పంపినది. వెళ్లి చూడగా, ఇత్తడి గుండిగలకును ఊరగాయ జాడీలకును నడుమ, పాత బొంతలో చుట్టిన జంటగొట్టపు తుపాకి యొకటి కనబడినది. అది ఆమె మామగారిది. ఆయన అనంతరము లైసెన్సు ఆమె భర్త పేర మారినది. భర్తయు గతించి నాలుగేండ్లయినది. ఆ దుఃఖములో, ఆ తరువాతి సంసారపు బరువులో, దాని మాట ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

"అక్కయ్యా, దీని పొడుగు చూచితిరా?" అనుచు ఆమె కుట్టుపని టేపు తీయబోగా మేము వారించితిమి. ఏండ్ల తరబడి మూలనున్న తుపాకిలో తూటా లేదని ఎవరు చెప్పగలరు? సైన్యములో పనిచేసి విరమించిన పొరుగింటి పెద్దమనిషిని పిలిపించితిమి. ఆయన దానిని మడిచి తెరచి, రెండు గొట్టములును ఖాళీయని చూపిన పిమ్మటనే కొలిచితిమి. గొట్టములే 32 అంగుళములు! ఇట్టి తుపాకులకు సాధారణముగా 28 లేక 30 అంగుళము లుండును.

ఈ పొడుగునకు కారణము లేకపోలేదు. వెనుకటి నల్లని తుపాకిమందు నెమ్మదిగా కాలును. అది పూర్తిగా కాలి సీసపు గుండ్లను తగినంత వేగముతో నెట్టుటకు పొడుగైన గొట్టము కావలసి యుండెను. 19వ శతాబ్ది చివర పొగలేని మందు వచ్చినది. అది గొట్టపు మొదటి భాగమునందే చాలవరకు కాలిపోవును. అటుపై ఒక్కొక్క అంగుళము వలన కలుగు లాభము స్వల్పము. 1920లలో లండను నగరమున చర్చిల్ అను తుపాకుల తయారీదారు 25 అంగుళములే చాలునని వాదించి అట్టివే అమ్మెను. అయినను చెరువుల మీద ఎత్తున ఎగురు బాతులను కొట్టువారు పొడుగు గొట్టములను విడువలేదు. గురి చూచుటకు అనువనియు, బరువు ముందుకుండుటచే చేయి తొట్రుపడదనియు వారి నమ్మకము. ఆమె మామగారును బాతుల వేటగాడే.

తుపాకిమీద 12 అను అంకె యుండెను. అది అంగుళముల లెక్క కాదు. ఒక పౌను సీసముతో సమానమైన పండ్రెండు ఉండలు చేసినచో, అందొక్క ఉండ పట్టునంత వెడల్పు గొట్టమని దాని యర్థము. అందుచేత 10 అంకె గలది 12 దాని కంటె వెడల్పు. ఒకే పాళపు పిండితో తక్కువ లడ్లు చుట్టినచో లడ్డు పెద్దదగును గదా! మగవారు ఇది ఏదో గహనమైన శాస్త్రమువలె చెప్పుదురు.

గొట్టముల మీద ఆకు ఈనెలను బోలిన సన్నని చారలుండెను. ఇనుమును ఉక్కును సన్నని బద్దీలుగా పేని, కమ్మీకి చుట్టి, కాల్చి సాగగొట్టి యతికినందున ఏర్పడిన చారలవి. వీనిని డమాస్కసు గొట్టములందురు. మన నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కునకై పారసీక వర్తకులు వచ్చుచుండిరి. డమాస్కసు కత్తుల ఖ్యాతికి మూలమైనది అట్టి ఉక్కు. గొట్టముల పనితనము వేరు, పేరు మాత్రము ఆ కత్తులదే. ఇట్టి గొట్టములలో నేటి బలమైన తూటాలు వేసినచో పగిలి కాల్చినవాని చేతికే ప్రమాదము.

ఇక సలహాలు. మొదటిది ఒక బంధువుది. బీరువాలో పట్టుటకై ఎనిమిదంగుళములు కోయించవలెననియు, నారాయణగూడలో తన కెరిగిన లేతుపనివాడు గలడనియు ఆయన యనెను. రెండవది పాత తుపాకులు సేకరించు నొక పెద్దమనిషిది. పొడుగు గొట్టములవి అరుదనియు, కాగితములతో పని లేకుండ మంచి ధర యిచ్చెదననియు కబురంపెను. ఆమె కుమారుడు సర్కారు ఉద్యోగపు పరీక్షలకు చదువుచున్నాడు. కేసు వచ్చెనా, ఆ చదువంతయు ఏమగును?

మేము చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయమునకు పోయి, పరీక్షలకు చదువుకొను పిల్లల నడుమ కూర్చుండి 1959 నాటి ఆయుధముల చట్టము చదివితిమి. అందలి 6వ సెక్షను లైసెన్సు లేక తుపాకి గొట్టమును కురుచ చేయుటనే నిషేధించుచున్నది. కురుచ తుపాకి చొక్కా క్రింద దాగును. అదియే చట్టమునకు భయము. పైగా గొట్టపు కొనలోని సన్ననితనము, గుండ్లు చెదరకుండ కాపాడునది, కోతతో పోవును. 1870లలో బర్మింగుహాము నందలి గ్రీనర్ ప్రచారమునకు తెచ్చిన నేర్పది.

పాతదైనంత మాత్రమున మినహాయింపు లేదు. మరమ్మతు చేసినను పేలని పురాతనాయుధమునకే 45వ సెక్షను మినహాయింపు నిచ్చును. ఇది పేలును. లైసెన్సుదారుడు గతించిన పిమ్మట తుపాకిని ఆలస్యము చేయక ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకుని వద్ద గాని అప్పగించవలెను. వారసులు తమ పేర లైసెన్సు కోరవచ్చును. 2019లో వచ్చిన సవరణతో ఒకరికి రెండు తుపాకులే, వంశపారంపర్యముగా వచ్చినవైనను అంతే. లైసెన్సు లేక ఉంచుకొన్న శిక్షయు అప్పుడే పెరిగినది. అటకమీద పెట్టి మరచినదియు ఇంటనున్నదే యనిపించుకొనును. భర్త పోయిన యిల్లాలు ఈ సంగతి యెట్లు తెలిసికొనవలెనో చట్టము చెప్పదు. ఇన్సూరెన్సు కాగితములు వెదకించిన బంధువులలో ఒక్కరైనను దీనిని తలచలేదు.

వేటకై యనుమాట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో వచ్చిన సవరణయు ముగించినవి. సేకరించి చూచి ఆనందింపవలెనన్నచో, 1949లో గతించిన మూడవ సాలార్జంగు కూర్చిన ఆయుధములు ఆయన పేరిటి మ్యూజియమున నున్నవి. వానికి లైసెన్సు బాధ మనకు లేదు.

ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడవనాడు తుపాకిని వీధిలో మోసికొని పోక, మొదట వ్రాతపూర్వకముగా ఠాణాకు తెలిపి, నాలుగేండ్ల యాలస్యమునకు సంజాయిషీ యిచ్చినది. అధికారి చాలసేపు ప్రశ్నించి, పాత లైసెన్సు పుస్తకము చూచి, వర్తకుని వద్ద నప్పగించుటకు అనుమతించెను. వర్తకుడు నెలసరి అద్దె తీసికొనుచున్నాడు. లైసెన్సు కొరకు దరఖాస్తు పెట్టినది కొడుకు కాదు, కూతురు. తాతగారితో చెరువుగట్టున కూర్చున్న జ్ఞాపకము ఆ పిల్లకే యున్నది. జవాబింకను రాలేదు.

కోయించుమన్న బంధువు మాత్రము ఆమెతో మాటలాడుట మానినాడట.