యజమాని పేరుంటేనే ఆరోగ్యమా?

ఒక బస్తీ సమావేశంలో ఇ.ఎస్‌.ఐ. గురించి చెబుతున్నాను. వెనక కూర్చున్న ఒకామె లేచి, "నేను నాలుగిళ్లలో పని చేస్తానమ్మా. ఆ నలుగురిలో నా యజమాని ఎవరు?" అని అడిగింది. సోషియాలజీలో డాక్టరేటు ఉన్న నేను జవాబు చెప్పలేకపోయాను. చట్టమూ చెప్పడం లేదు.

1948 నాటి ఇ.ఎస్‌.ఐ. చట్టం చిన్న విజయమేమీ కాదు. జబ్బుపడిన కార్మికురాలికి వైద్యంతో పాటు పోయిన జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తుంది. కాన్పుకి 26 వారాల పూర్తి జీతం ఇస్తుంది. ఇది దయ కాదు, హక్కు. అయితే ఈ హక్కు గుమ్మంలో కాపలా ఉంది. పనిచేసే చోట పదిమంది ఉండాలి, రికార్డుల్లో పేరుండాలి, జీతం పరిమితి దాటకూడదు. మన ఆడవాళ్లలో ఎక్కువమంది పని చేసేది ఇతరుల ఇళ్లలో, పొలాల్లో, తమ ఇంటి అరుగు మీద బీడీల చాట ముందు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ గుమ్మాన్ని తీసేస్తుందని కొందరు మిత్రులు ఆశపడ్డారు. కోడ్ చదవండి. పదిమంది లెక్క అలాగే ఉంది. అంతకన్నా తక్కువమంది ఉంటే, యజమాని, ఉద్యోగుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటేనే ఇ.ఎస్‌.ఐ. ప్రభుత్వం ప్రమాదకరమని ప్రకటించిన వృత్తిలో ఒక్కరున్నా వర్తిస్తుందట. మరి ఏళ్ల తరబడి పొగాకు దుమ్ము పీల్చడం ప్రమాదమా కాదా? ఆ నిర్ణయం చేసే బల్ల దగ్గర బీడీ కార్మికురాలికి కుర్చీ ఉందా?

ఇంటి పనివారిని, ఇంట్లో కూర్చుని పని చేసేవారిని కోడ్ గుర్తించింది, నిజమే. 2008 అసంఘటిత కార్మికుల చట్టమూ గుర్తించింది. కానీ ఉద్యోగికి దక్కేది హక్కు, వీరికి దక్కేది 'తగిన పథకాలు'. హక్కు అందకపోతే నిలదీయవచ్చు. పథకం రాకపోతే ఎదురుచూడాలి.

కొత్తగా ఇచ్చింది కూడా చూద్దాం. మహిళా ఉద్యోగి మీద ఆధారపడిన అత్తమామలు ఇప్పుడు ఆమె కుటుంబంలో చేరారు. మగ ఉద్యోగి అత్తమామలు అతని కుటుంబంలో లేరు. ముసలివాళ్ల సేవ ఎవరిదో చట్టమే తేల్చేసింది.

"ఆరోగ్యశ్రీ ఉంది, ఆయుష్మాన్ భారత్ ఉంది, ఇంకేం కావాలి?" అంటారు. అవి ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చు కడతాయి. మంచాన పడిన వారం రోజుల కూలి ఎవరిస్తారు? నడుంనొప్పి, రక్తహీనత, తెల్లబట్ట లాంటి, ఆపరేషన్ దాకా రాని జబ్బులతోనే కదా మనవాళ్లు ఏళ్లు గడిపేది! ఊరందరి ఆరోగ్యం మోసే ఆశా కార్యకర్తను కూడా ప్రభుత్వం 'వాలంటీరు' అంటుంది తప్ప, ఉద్యోగి అనదు.

2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించే కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. కమిటీల కోసం కూర్చోలేం. మన సంఘాలు మూడు మాటలు గట్టిగా అడగాలి: పదిమంది లెక్క పోవాలి. నాలుగిళ్లవాళ్లూ తలా కొంత చందా కట్టాలి, అది కార్మికురాలి పేరున జమ కావాలి, ఇల్లు మారినా ఆమె వెంటే పోవాలి. యజమాని దొరకని చోట చందా ప్రభుత్వమే కట్టాలి.

మన ఇళ్లలో పని చేసే ఆమె చందాలో మన వాటా ఎంతో, సంఘం సమావేశంలో ముందు మనమే చెప్పాలి.